పొయ్యి వెలగని శనివారం

కాజీపేట ఫ్రాన్సిస్ సారుకు తెలియని లాటిన్ మాట ఏదైనా ఉంటే అది లాటినే కాదని ఆయన నమ్మకం. కుర్రతనంలో చర్చి గురువు, అంటే ఫాదర్, కావాలని ఐదేళ్లు సెమినరీలో చదివాడు. లాటిన్ ఒంటబట్టింది గానీ గురుత్వం అబ్బలేదు. "దేవుడు పిలిచిన మాట నిజమే. గాని గుడి కోయిర్ల పాడే దీనమ్మ గొంతు అంతకంటె గట్టిగ ఇనబడ్డది" అని ఆయనే చెప్పుకుంటాడు. ఆ దీనమ్మనే పెళ్లి చేసుకుని, జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు.

రిటైరయ్యాక పిల్లలు పోయారు గానీ పాఠం పోలేదు. పొద్దున టిఫిన్ దగ్గరే మొదలయ్యేది. ఇడ్లీ ముందర కూర్చుని ఏదో ఒక సైన్సు మాట ఎత్తుకునేవాడు. "మజిల్ అంటే ఏంది? లాటిన్ల చిన్న ఎలుక! చెయ్యి మడిస్తే తోలు కింద ఎలుక ఉరికినట్టు ఉంటది గద, అందుకని" అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచి తన ఎలుకను చూపించేవాడు. ఆ ఎలుక ఇప్పుడు కాస్త జారిపోయింది. అయినా కొడుకు బెన్నీ, నర్సంపేట బడిలో టీచరు పని చేసే కోడలు స్వప్న చేతులు కడగకుండా, కదలకుండా, మర్యాదగా చూసేవారు. దీనమ్మ మాత్రం చూసేది కాదు. పెళ్లయిన నాటి నుంచి చూస్తున్న ఎలుకే కదా.

అలాంటి ఇంట్లో ఒకరోజు ఒక మాట పడింది. మేడ మీది గదిలో తామిద్దరం వేరే పొయ్యి పెట్టుకుంటామని బెన్నీ అన్నాడు.

"ఎందుకురా?" అన్నాడు ఫ్రాన్సిస్ సారు.

"ఊకనే డాడీ. పొద్దుగాల జర అల్కగ ఉంటదని."

స్వప్న నేల చూసింది. దీనమ్మ ఇడ్లీ పాత్ర చూసింది. వేరు కుంపటి అన్న మాట ఎవరూ అనలేదు గానీ అందరికీ వినబడింది. అబద్ధమెందుకు, ఫ్రాన్సిస్ సారుకు భయం వేసింది. నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఇక ఇద్దరే మిగులుతారు. ఆ ఇద్దరిలో ఒకరు దీనమ్మ, ఆమె వినదు. "వద్దు బిడ్డా, కలిసే ఉందాం" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. క్లాసు క్లాసంతటినీ ఒక్క కేకతో కూర్చోబెట్టిన మనిషికి ఆ ముక్క మాత్రం గొంతు దాటి రాలేదు. మనసులో మాట చెప్పలేనివాళ్లు ఏం చేస్తారు? ఉపన్యాసానికి సిద్ధమవుతారు. ఆయనా అదే చేశాడు. దానికి ఆయన ఎంచుకున్న మాట ఫోకస్.

ఫోకస్ అంటే మనకు తెలిసింది ఫోటోలు తీసేవాళ్ల మాట, "చదువు మీద ఫోకస్ పెట్టు" అని పిల్లలను తిట్టే మాట. కానీ లాటిన్‌లో అది పుట్టినప్పుడు పొయ్యి. రోమన్ల ఇంటి నడుమ ఉండే పొయ్యి. వంట దాని మీదే, చలి కాచుకునేది దాని దగ్గరే, ఇంటి దేవతలకు మొక్కేదీ దాని ముందే. నాలుగు వందల ఏళ్ల కింద కెప్లర్ అనే జర్మన్ పండితుడు ఆ మాటను తెచ్చి, కటకం గుండా వచ్చిన ఎండ ఒక్కచోట చేరే బిందువుకు పేరుగా పెట్టాడు. అక్కడ కాగితం పెడితే అంటుకుంటుంది, అందుకే కాబోలు. ఇక ఆ మాట తిరగని చోటు లేదు. భూకంపం భూమి లోపల ఎక్కడ మొదలైతే అది ఫోకస్. ఒంట్లో చీము ఎక్కడ గూడు కట్టుకుంటే డాక్టర్లకు అది ఫోకస్. ఊళ్లో గొడవలైతే పెట్టే కర్ఫ్యూలో కూడా దాని ముక్క ఒకటి దాగి ఉంది. ఫోకస్ అరిగి అరిగి ఫ్రెంచిలో నిప్పుకు పేరయింది; వెనకటికి ఫ్రెంచివాళ్లు చీకటి పడగానే గంట కొట్టి, ఇక నిప్పు కప్పెట్టండని చెప్పేవారట, ఆ 'నిప్పు కప్పు' అన్న మాటే కర్ఫ్యూ.

మన పాఠ్యపుస్తకం మాత్రం దాన్ని నాభి అంది. అక్కడ పొయ్యి, ఇక్కడ బొడ్డు. ముప్పై ఏళ్లు బోర్డు మీద నాభి అని, నాభ్యాంతరం అని రాసిన ఫ్రాన్సిస్ సారుకు ఈ రెండూ దూరం కాదనిపించేది. ఒకటి మనిషి పుట్టకముందు తల్లి దగ్గర తిన్న చోటు. ఇంకొకటి పుట్టాక నలుగురితో కలిసి తినే చోటు. ఇంత మంచి మాట వంటింట్లోంచి వెళ్లి ప్రయోగశాలలో స్థిరపడిపోయిందే అని ఆయనకు లోలోపల దిగులు. దాన్ని మళ్లీ ఇంటికి తీసుకురావాలనుకున్నాడు.

పథకం ఇది. రెండో శనివారం బడికి సెలవు గనుక, ఆ రోజు ఫాదర్ వచ్చి మేడ మీది కొత్త పొయ్యిని ఆశీర్వదిస్తారు, పాలు పొంగిస్తారు. సరే, వద్దనడు. కానీ ఆ పాలు స్టవ్ మీద కాదు, ఫోకస్ మీద పొంగాలి. మేడ మీద పెద్ద డిష్ పెట్టి, దానికి వెండి కాగితం అతికించి, ఎండను ఒక్కచోటికి తెచ్చి, అక్కడ పాలగిన్నె వేలాడదీస్తాడు. అందరూ చూస్తుండగా ఫోకస్ కథ చెప్పి, చివర్లో "ఇంటికి పొయ్యి ఒకటే ఉండాలె" అంటాడు. కోడలి మనసు కరుగుతుంది. పాలు పొంగుతాయి. మళ్లీ సోమవారం అందరూ ఒకే బల్ల దగ్గర.

డిష్ పక్కింటి ఖాజా పాషాది. ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతున్నాడు గానీ ఒకప్పుడు ఆ వాడంతటికీ కేబుల్ టీవీ ఇచ్చినవాడు. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ కలిసి దాన్ని మేడ మెట్ల దగ్గరికి తెచ్చారు.

"సార్, పోయిన ఏడు మీకు స్టెంట్ ఏసిండ్రు. మీరు ముట్టకుండ్రి, నేను ఇద్దరు పోరగాండ్లను పిలుస్త" అన్నాడు పాషా.

"నీకెందుకయ్యా ఫికర్" అని ఫ్రాన్సిస్ సారు ఒక అంచు పట్టుకుని ఎత్తాడు. సగం మెట్ల మీద కూర్చుని రొప్పాడు. రొప్పుతూనే పాషాకు కెప్లర్ సంగతి చెప్పాడు. "సార్, జర ఊపిరి తీస్కోండ్రి, కెప్లర్ యాడికి పోడు" అని పాషా బతిమాలాడు. ఎలాగో డిష్ పైకెక్కింది. ఆ రాత్రే తమ చర్చి పారిష్ వాట్సాప్ గ్రూపులో "రేపు ఉదయం మా మేడ మీద పాలు పొంగింపు, ఫోకస్ అను పదముపై చిన్న ప్రసంగం, అందరూ ఆహ్వానితులే" అని పెట్టాడు. ఒకే ఒక్క బొటనవేలు వచ్చింది. అది ఏ మెసేజ్‌కైనా బొటనవేలు పెట్టే ఆయనది.

తెల్లారింది. బెన్నీ, స్వప్న కొత్త స్టవ్ కొనడానికి హనుమకొండ బయల్దేరారు. దీనమ్మ చాయ్ గిన్నె తీసుకుని గ్యాస్ దగ్గరికి వచ్చింది.

"ఆగు. ముట్టియ్యకు" అన్నాడు ఫ్రాన్సిస్ సారు.

"ఏంది?"

"ఈస్టర్ ముందటి రాత్రి పాస్కా జాగరణ నాడు గుళ్లె దీపాలన్ని ఆర్పినంకనే గద కొత్త నిప్పు రాజేసేది! ఇది గూడ గంతే. పైన పాలు పొంగేదాక ఈ ఇంట్ల నిప్పు ఉండొద్దు."

"పొద్దుగాల చాయ్ లేకుంటే నాకు తల పలుగుతదని నీకు ఎరుకేనా?"

"ఎంతసేపే, ఎండ రాంగనే పొంగుతయి."

ఆమె అందాకా ఆగుతుందని ఆయనకు నమ్మకం లేదు. రెగ్యులేటర్ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఫోన్ ప్రసంగం నడుమ మోగకూడదని సైలెంట్‌లో పెట్టి అల్మారాలో పడేశాడు. డిష్ దగ్గరికి ఎవరైనా వచ్చి చెయ్యి కాల్చుకుంటారని మెట్ల గేటుకు లోపలి నుంచి గొళ్లెం కూడా పెట్టుకుని పైకెక్కాడు.

"ఇయ్యాల నీతోని మాట్లాడ. ఎవ్వలతోని మాట్లాడ!" అని దీనమ్మ కింద నుంచి అరిచింది. అన్నమాట ప్రకారం వంటింటి గడప మీద కూర్చుని, చెంపకు చెయ్యి ఆనించి, నోరు బిగించుకుంది.

ఎండ రాలేదు. నవంబరు నెల కదా, మబ్బు వచ్చి కూర్చుంది. పైన ఫ్రాన్సిస్ సారు ముక్కాలిపీట వేసుకుని, డిష్ వెనక కూర్చుని, ప్రసంగం గొణుక్కుంటున్నాడు. కింద ఏం జరుగుతున్నదో ఆయనకు తెలియదు. మనం తెలుసుకోవాలి.

పాషా భార్య షహనాజ్ బేగంకు రోజూ పొద్దున గోడ అవతల దీనమ్మ కుక్కర్ కూత వినడం అలవాటు. ఆ రోజు కూత లేదు. పోపు వాసన లేదు. గోడ మీదుగా తొంగి చూసింది. గ్యాస్ పైపు ఊరికే వేలాడుతోంది. పొయ్యి చల్లగా ఉంది. దీనమ్మ గడప మీద, చెంపకు చెయ్యి, తలపోటుకు కళ్ల నిండా నీళ్లు.

"అక్కా?" అంది షహనాజ్.

దీనమ్మ పలకలేదు. షహనాజ్ ఇంకోసారి ఆ పొయ్యి వంక చూసింది.

మన వైపు పొద్దెక్కినా ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదంటే దానికి వేరే అర్థం లేదు. చావు ఇంట్లో నిప్పు ముట్టించరు. ఇరుగుపొరుగే వండి తెచ్చి పెట్టాలి. ఇది కాథలిక్కులకూ తెలుసు, ముసల్మానులకూ తెలుసు. ఇంకొక సంగతి కూడా అందరికీ తెలుసు. అలాంటప్పుడు ఇంటి ఆడమనిషిని "ఎవరు? ఎట్ల?" అని అడగడం మర్యాద కాదు. తెలుసుకోవాలంటే పక్కవాళ్లను అడగాలి. షహనాజ్ మర్యాద తెలిసిన మనిషి. ఒక్క మాట అడగకుండా వెనక్కి వెళ్లి, కిచిడీకి ఎసరు పెట్టి, ములుగుకు కిరాయి వెళ్లిన భర్తకు ఫోన్ చేసింది.

"సార్ కనిపిస్తాండా?" అన్నాడు పాషా.

"లేడు జీ. ఫోన్ చేస్తే ఎత్తుతలేడు. అక్క నోట్ల నుంచి మాట వస్తలేదు. గ్యాస్‌కు రెగ్యులేటర్ గూడ పీకేసిండ్రు."

పాషా ట్రాలీని రోడ్డు పక్కకు ఆపేశాడు. "యా అల్లా! నేనే చేసిన షహనాజ్! స్టెంట్ ఏసిన మనిషితోని డిష్ మోపిచ్చిన. మెట్ల మీద ఎట్ల రొప్పిండో! జర ఊపిరి తీస్కోండ్రి అంటే ఇనకపాయె!"

ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు పాషా. అప్పటికప్పుడు టెంట్ హౌస్‌కు ఫోన్ చేసి షామియానా పంపమన్నాడు. ఫ్రీజర్ బాక్స్ పంపమన్నాడు. పారిష్ పెద్దకు చెప్పాడు. రఘునాథపల్లిలో దీనమ్మ అన్న సుందర్ రావు ఉన్నాడని గుర్తొచ్చి ఆయనకూ చెప్పాడు. బెన్నీకి మాత్రం చెయ్యలేదు. తండ్రి పోయిన సంగతి కొడుక్కు తాను చెప్పేదేముంది, ఇంట్లోనే ఉండి ఉంటాడనుకున్నాడు.

షహనాజ్ కిచిడీ గిన్నె, చాయ్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి దీనమ్మను కావలించుకుని భోరుమంది. దీనమ్మకు ఆ చాయ్ వాసనకే ప్రాణం లేచి వచ్చింది. వేరు పొయ్యి విషయం ఈమెకు ఎలా తెలిసిందా అనుకుంది. బహుశా పాషా చెప్పి ఉంటాడు. కొడుకూ కోడలూ వేరుపడుతున్నారని తన కడుపులో ఉన్న బాధకు పరాయి మనిషి ఇంత ఏడుస్తున్నదే అని ఆమెకూ దుఃఖం పొంగుకొచ్చింది. ఇంతలో వాడలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే గిన్నెలతో వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు.

"మనసు గట్టి చేసుకో అక్కా. అందరిండ్లల్ల ఒకనాటికి అయ్యేదే" అని ఒకామె వెన్ను నిమిరింది.

అవును, ఏ ఇంట్లోనైనా కొడుకులు వేరుపడేదే కదా. దీనమ్మ తలూపి, ఇంకో గుక్క చాయ్ తాగి, మళ్లీ ఏడ్చింది.

పైన ఫ్రాన్సిస్ సారుకు గుంజలు పాతుతున్న చప్పుడు వినబడింది. పిట్టగోడ సందులోంచి చూశాడు. వాకిట్లో షామియానా లేస్తోంది. కుర్చీలు దిగుతున్నాయి. "వారెవ్వా బెన్నీ! నాకు చెప్పకుండ ఎంత పని చేసినవురా!" అనుకున్నాడు. కాసేపటికి నలుగురు మనుషులు పొడుగాటి అద్దాల పెట్టె ఒకటి మోసుకొచ్చి వైరు కోసం వెతికారు. ఎండాకాలం కాకపోయినా కూల్ డ్రింకుల ఫ్రిజ్ తెప్పించాడే అని కొడుకు మీద ప్రేమ ముంచుకొచ్చింది. జనం వస్తూనే ఉన్నారు. తెల్లచీరలు, తెల్లచొక్కాలు. వచ్చినవాళ్లు వచ్చినట్టే కుర్చీల్లో కూర్చుని చేతులు కట్టుకున్నారు. గుసగుస కూడా లేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన అంత నిశ్శబ్దమైన క్లాసును చూడలేదు. లాటిన్ అంటే మన జనానికి ఇంత గౌరవం ఉన్నదా అని ఆయన కళ్లు చెమర్చాయి. గబగబా ప్రసంగంలో ఇంకో రెండు పేరాలు కలుపుకున్నాడు.

అప్పుడు గేటు దగ్గర ఏడుపు వినబడింది.

"బావో! నన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోతివి బావో!"

చేతిలో బంతిపూల దండతో సుందర్ రావు. బెన్నీ పెళ్లిలో ఆయన మాట్లాడుతుంటే ఫ్రాన్సిస్ సారు మైకు లాక్కుని ఏదో మాటకు మూలం చెప్పాడు. అప్పటి నుంచి బావాబావమరుదులకు మాటల్లేవు. ఇప్పుడు ఆయన గుండెలు బాదుకుంటున్నాడు. "ఒక్క మైకు కోసం ఇన్నేండ్లు నీతోని మాట్లాడకపోతినే! ఇగ ఆ లాటిన్ మాకు ఎవలు చెప్తరు బావో!"

పైన ఫ్రాన్సిస్ సారు కంగారుపడ్డాడు. ఎవరో పోయినట్టున్నారు. పాపం, ఎవరు? సుందర్ రావు ఒక్కగానొక్క చెల్లెలు దీనమ్మ. అంటే సుందర్ రావు బావా అని ఏడవదగిన మనిషి ఈ భూమి మీద ఒక్కడే ఉన్నాడు. లెక్క తెలిసిన మనిషి గనుక ఆయనకు అర్థం కావడానికి ఆట్టే సేపు పట్టలేదు. పోయింది తనే.

కింద ఉన్న దీనమ్మకూ ఆ లెక్క అందింది. తన అన్న బావా అని ఏడుస్తున్నాడు. వాకిట్లో షామియానా, గాజు పెట్టె. ఇంతమంది వచ్చింది వేరు కుంపటికి కాదన్నమాట. ఏమీ తినకుండా, గుండెజబ్బు మనిషి, గొళ్లెం పెట్టుకుని పొద్దటి నుంచి మేడ మీద ఉన్నాడు! అందరికీ తెలిసింది, తనకే తెలియలేదు! దీనమ్మ పెట్టిన కేక స్టేషన్ దాకా వినబడి ఉంటుంది. "అయ్యో! నేను మాట్లాడ అన్న గదనే! అదే ఆఖరి మాట ఆయెగదనే!" అంటూ ఆమె కూలబడింది. ఇంటి ఇల్లాలే ఏడ్చాక ఇక అనుమానమేముంది? వాకిలి వాకిలంతా గొల్లుమంది.

సరిగ్గా అప్పుడే బెన్నీ, స్వప్న ఆటో దిగారు. బెన్నీ చేతిలో స్టవ్ పెట్టె ఉంది. షామియానా చూశాడు, తల్లిని చూశాడు, పెట్టె నేల మీద పెట్టి దాని పక్కనే కూర్చుండిపోయాడు. స్వప్న పరుగెత్తుకొచ్చి అత్త మీద పడింది.

"మామయ్యా! నా మూలాన్నే మామయ్యా! మీరు పొద్దుగాల ఒక మాట సురువు చేస్తే నడుమల లేసుడు మర్యాద గాదని లేవకపోయేది. నర్సంపేట బస్సు రోజు తప్పేది. హెడ్ మాస్టర్ మెమో ఇస్తనన్నడు. మీ ముంగట ఈ మాట అనలేకనే పైన పొయ్యి పెట్టుకుంటమన్నం. అంతేగాని మీ మీద కోపం లేదు మామయ్యా! ఒక్కసారి లేసి మాట్లాడుండ్రి. బస్సు పోతే పోనీయి, మీ పాఠం మొత్తం ఇంట!"

ఫ్రాన్సిస్ సారు డిష్ వెనక అలాగే ఉండిపోయాడు. ఇన్నాళ్లూ ఆయన బల్ల చెడింది ఆయన నోటి వల్లనే. అంతకంటె ఎక్కువగా, ఆ పిల్ల వేరే పొయ్యి అడిగింది తన మీద గౌరవం తగ్గి కాదు, గౌరవం చంపుకోలేక. మెమో దాకా తెచ్చుకుని కూడా తన ఎలుకను ఓపికగా చూసింది. ఆయనకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. ఇక దాక్కుని లాభం లేదని లేచి పిట్టగోడ దగ్గరికి వచ్చాడు.

సరిగ్గా ఆయన నిలబడగానే మబ్బు విడిపోయింది. వెనకనున్న డిష్ మీద ఎండ పడి భగ్గున మెరిసింది. వాకిట్లోవాళ్లకు కనిపించింది ఇది. తెల్లని బట్టల్లో ఫ్రాన్సిస్ సారు, ఆయన తల చుట్టూ కళ్లు చెదిరే వెలుగు. ముందు వరుసలో ఉన్న ముసలమ్మ సిలువ గుర్తు వేసుకుని మోకరించింది. ఫ్రీజర్ బాక్స్ తెచ్చినవాళ్లు గేటు దాటారు. సుందర్ రావు దండ చేతిలో పట్టుకుని నోరు తెరిచాడు.

అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. మాట్లాడాలి. పొద్దటి నుంచి వల్లె వేసిన లాటిన్ అంతా ఆవిరైపోయింది. రోమన్లు లేరు, కెప్లర్ లేడు.

"చాయ్ తాగిండ్రా అందరు?" అన్నాడు ఫ్రాన్సిస్ సారు.

దీనమ్మ తలెత్తింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏమయ్యో! బతికే ఉన్నవా?"

"ఉన్న."

"అయితే కిందికి దిగు. నేను సంపుత నిన్ను!"

దిగాడు. దీనమ్మ చంపలేదు. ఆయన చొక్కా పట్టుకుని, అంతమంది ముందర, ఛాతీకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. జేబులోని రెగ్యులేటర్ నుదుటికి గుచ్చుకునేసరికి దాన్ని తీసి చూసి, అప్పుడు రెండు దెబ్బలు వేసింది. సుందర్ రావు చాలాసేపు ఇటూ అటూ చూసి, తెచ్చిన దండ వాపస్ తీసుకుపోతే బాగుండదని బావ మెడలోనే వేశాడు. ములుగు నుంచి ఊపిరి బిగపట్టి వచ్చిన పాషా ఆ దండ వేసుకుని నిలబడ్డ మనిషిని చూసి, "సార్, ఇగ జిందగీల మీకు డిష్ ఇయ్య!" అని కావలించుకున్నాడు.

ఫాదర్ స్కూటర్ మీద దిగారు. ఆయన సంచిలో రెండు పుస్తకాలున్నాయి. "పొయ్యిని ఆశీర్వదిద్దామని బయల్దేరిన. దార్ల ఇంకోటి చెప్పిండ్రు. ఎందుకైనా మంచిదని రెండూ తెచ్చిన. ఇప్పుడు ఏది తియ్యాలె సార్?" అని అడిగారు.

"పొయ్యిదే తియ్యుండ్రి ఫాదర్" అన్నాడు ఫ్రాన్సిస్ సారు.

వచ్చినవాళ్లను ఊరికే ఎలా పంపుతారు? బెన్నీ వాకిట్లోనే స్టవ్ పెట్టె విప్పాడు. సిలిండర్ బయటికి వచ్చింది, రెగ్యులేటర్ దాని మీద కూర్చుంది. ఫాదర్ ప్రార్థన చదివి తీర్థం చల్లారు. స్వప్న పాలు పొంగించింది. ఆ పాలతోనే చాయ్. వాడంతా తెచ్చిన కిచిడీ, పప్పు, చారు, బగారన్నం గిన్నెలన్నీ ఒక్కొక్కటే ఆ స్టవ్ మీద వేడెక్కాయి. పోలేదని తెలిసిన ఆనందమో, పొద్దటి నుంచి ఏడ్చిన అలసటో, జనం ఆవురావురుమని తిన్నారు. మేడ మీద ఫోకస్‌లో పాలు ఎప్పుడో పొంగి, మాడి, గిన్నెకు అంటుకున్నాయి. ఆ ఘట్టాన్ని ఒక్క కాకి కూడా చూసినట్టు లేదు.

"సార్, గ్రూపుల ఏదో ప్రసంగమని పెట్టిండ్రు గద?" అని విస్తరి ముందు కూర్చున్న ఫాదర్ గుర్తుచేశారు.

ఫ్రాన్సిస్ సారు వాకిలి చూశాడు. నడుమ పొయ్యి. దాని చుట్టూ పాషా, సుందర్ రావు, షహనాజ్, వాడవాళ్లు, గేటు దాటి మళ్లీ వెనక్కి వచ్చిన ఫ్రీజర్ బాక్స్ మనుషులు. దీనమ్మ కోడలి విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేస్తోంది. ఒక మాట రెండు వేల ఏళ్లు ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడికే వచ్చి కూర్చుంటే ఇక దాని గురించి చెప్పడానికేముంది?

"ఏం లేదు ఫాదర్. తినుండ్రి, సల్లారిపోతది" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన కోడలిని పిలిచాడు. పది రోజులుగా గొంతులో అడ్డం పడిన ముక్క ఇప్పుడు వచ్చింది. "స్వప్నా, కలిసే ఉందాం బిడ్డా. నేను ఏమన్న చెప్తాంటే బస్సు టైమైతే లేసి పో. నేనేమనుకోను."

"తప్పు గాదా మామయ్యా?"

"ఏం తప్పు? మిగిలింది రాత్రి ఇందువు. లాటిన్ యాడికి పోతది?"

స్వప్న నవ్వింది. కొత్త స్టవ్ మేడ మీదికి ఎక్కలేదు. ఇది పెద్దగా ఉందని దీనమ్మ పాతదాన్ని తీయించి, దాని జాగాలో ఇది పెట్టించింది.

సోమవారం పొద్దున నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఇడ్లీలు వచ్చాయి. "ఎవ్వలైనా, ఎప్పుడైనా లేవొచ్చు" అని ఫ్రాన్సిస్ సారు కొత్త ఒప్పందం ఇంకోసారి అందరికీ చెప్పి, గొంతు సవరించుకుని, "కాల్‌క్యులస్ అంటే లాటిన్ల ఏందో ఎరుకేనా? చిన్న గులకరాయి" అని మొదలుపెట్టాడు. స్వప్న గడియారం చూసుకుని, ఇంకా టైమున్నదని కూర్చుంది. బెన్నీ కూడా కూర్చున్నాడు.

దీనమ్మ లేచి వెళ్లిపోయింది.